బావమరిదితో రైఫిల్ కొనిపించవచ్చా?

ప్రశ్న: నమస్కారమండీ. మేము న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాం. నాకు గ్రీన్ కార్డ్ వచ్చి మూడేళ్లయింది. మా బావమరిది పిట్స్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, హెచ్‌1బి మీద ఉన్నాడు. ఆఫీసు స్నేహితులతో కలిసి రెండేళ్లుగా జింకల వేటకు వెళ్తున్నాడు. పెన్సిల్వేనియా హంటింగ్ లైసెన్స్ కూడా ఉంది. ఈసారి థాంక్స్‌గివింగ్ అయ్యాక నన్నూ రమ్మన్నాడు. నాకంటూ ఒక రైఫిల్ ఉంటే బాగుంటుందనిపించింది. న్యూజెర్సీలో అయితే ఏదో కార్డు కావాలట, నెలలు పడుతుందట. "బావా, నువ్వు డబ్బు పంపు, నా పేరు మీద కొనేస్తాను, వచ్చినప్పుడు తీసుకెళ్దువుగాని" అన్నాడు. నిన్ననే 700 డాలర్లు జెల్ చేశాను. వాడింకా కొనలేదు. వాడి పక్కింటి పెద్దాయన కూడా తన పాత బోల్ట్ యాక్షన్ రైఫిల్ అమ్ముతానంటున్నాడట, కాగితాలేమీ అక్కర్లేదు, పెన్సిల్వేనియాలో అంతే అన్నాడట. గుంటూరు జిల్లాలో మా తాతగారికి లైసెన్స్ తుపాకీ ఉండేది కాబట్టి నాకిది మరీ కొత్త కాదు. మా ఆవిడకే ఒకటే టెన్షన్. వేరే రాష్ట్రంలో రైఫిల్ కొని ఇంటికి తెచ్చుకోవడం తప్పా?

– ఎడిసన్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు మీ బావమరిదికి ఫోన్ చేసి ఆ 700 డాలర్లు వెనక్కి పంపమనండి. ఆ పని అయ్యాక మిగతాది తీరిగ్గా చదువుకోండి.

వేరే రాష్ట్రంలో రైఫిల్ కొనడం తప్పు కాదు. అతను చెప్పిన దారిలో కొనడం తప్పు. అతనేమీ దుర్బుద్ధితో చెప్పలేదు, మన ఇళ్లలో ఇది అలవాటే. ఒకరి ఎంప్లాయీ డిస్కౌంట్ మీద ఇంకొకరు ఫ్రిజ్ కొంటారు. తమ్ముడి పేరు మీద తీసుకున్న సిమ్ అన్నయ్య వాడతాడు. మేనమామ పేరున ప్లాటు రిజిస్టర్ అవుతుంది. డబ్బెవరిది, పేరెవరిది అని ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. అమెరికాలో తుపాకుల షాపు కౌంటర్ దగ్గర మొట్టమొదట అడిగేది మాత్రం అదే.

షాపులో ఏ తుపాకీ కొన్నా 4473 అనే ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ ఫారం నింపాలి. "దీన్ని అసలు కొంటున్నది మీరేనా?" అని అందులో ఒక ప్రశ్న ఉంటుంది. వేరేవాళ్ల తరఫున తీసుకుంటుంటే మీరు అసలు కొనుగోలుదారు కాదు, డీలర్ మీకు ఇవ్వకూడదు అని పక్కనే హెచ్చరిక కూడా ఉంటుంది. మీ డబ్బుతో, మీ కోసం కొంటూ మీ బావమరిది అక్కడ 'అవును' అని పెడితే అది అబద్ధం. ఆ ఫారంలో అలాంటి అబద్ధానికి పదేళ్ల వరకూ జైలు పడవచ్చు.

"నేను నేరస్థుణ్ణి కాదుగా, నాకు కొనే అర్హత ఉందిగా" అని మీరు అనొచ్చు. సరిగ్గా ఈ మాటే అని ఒకాయన సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయాడు. ఆయన పేరు బ్రూస్ అబ్రామ్‌స్కీ. వర్జీనియాలో ఒకప్పుడు పోలీసుగా పనిచేశాడు. పెన్సిల్వేనియాలో ఉన్న ఆయన అంకుల్‌కి ఒక గ్లాక్ పిస్టల్ కావాల్సి వచ్చింది. (బాబాయో మేనమామో తెలియదు, ఇంగ్లిష్‌లో అందరూ అంకుళ్లే.) పోలీసులకు డిస్కౌంట్ వస్తుంది కదా, నేను కొంటాలే అన్నాడు ఈయన. అంకుల్ 400 డాలర్ల చెక్కు పంపాడు, చెక్కు మీద పిస్టల్ పేరు కూడా రాశాడు. 2009లో అబ్రామ్‌స్కీ షాపుకు వెళ్లి, అసలు కొనేది నేనే అని ఫారంలో పెట్టి కొన్నాడు. ఆ తర్వాత చేసినదంతా పద్ధతి ప్రకారమే చేశాడు. పెన్సిల్వేనియాలో లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారానే పిస్టల్ అప్పగించాడు. నేర చరిత్ర ఉందేమో చూసే బ్యాక్‌గ్రౌండ్ చెక్ కూడా అంకుల్ పాసయ్యాడు. ఇద్దరికీ తుపాకీ కొనే అర్హత ఉంది. వేరే కేసులో ఫెడరల్ ఏజెంట్లు అబ్రామ్‌స్కీ ఇల్లు సోదా చేస్తుంటే ఆ కొనుగోలు రసీదు దొరికింది. 2014 జూన్‌లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఆయనకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. అది రాసింది జస్టిస్ ఎలెనా కేగన్. డబ్బిచ్చినవాడు అర్హుడైనా సరే, కౌంటర్ దగ్గర నిలబడినవాడు అసలు కొనేవాడు నేనే అని చెప్పడం నేరమే అన్నది దాని సారాంశం.

మీ కథకూ దీనికీ తేడా ఎక్కడుందో చూడండి. వాళ్లు కనీసం రెండో రాష్ట్రంలో డీలర్ దగ్గరికైనా వెళ్లారు. మీరు అదీ లేకుండా కారు డిక్కీలో పెట్టుకుని వచ్చేద్దామనుకున్నారు. అది విడిగా ఇంకో నేరం.

దానికి మూలం 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్. వేరు వేరు రాష్ట్రాల్లో ఉండే ఇద్దరు మామూలు మనుషులు, అంటే డీలర్ లైసెన్స్ లేనివాళ్లు, తుపాకీని నేరుగా ఒకరికొకరు ఇచ్చుకోకూడదు. అమ్మినా అంతే, ఊరికే ఇచ్చినా అంతే. ఇచ్చినవాడిదీ తప్పే, పుచ్చుకుని సొంత రాష్ట్రానికి తెచ్చుకున్నవాడిదీ తప్పే. ఐదేళ్ల వరకూ శిక్ష ఉంది. పోనీ మీ బావమరిది సొంత డబ్బుతో కొని, నిజంగా కానుకగా ఇచ్చాడనుకుందాం. అప్పుడు ఫారంలో అబద్ధం ఉండదు, ఆ గొడవ తప్పుతుంది. అయినా చేతిలో పెట్టేయడం కుదరదు. న్యూజెర్సీలో ఒక డీలర్‌కి పంపాలి, ఆ డీలర్ దగ్గర మీరు ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పాసై, తీసుకోవాలి. వారసత్వంగా వచ్చే తుపాకీకి ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కాసేపు వేటకో టార్గెట్ ప్రాక్టీసుకో అరువిచ్చే తుపాకీకీ ఉంది. ఈ రెండోది మీకు పనికొస్తుంది, తర్వాత చెబుతాను.

పక్కింటి పెద్దాయన మాటలో సగం నిజం ఉంది. పెన్సిల్వేనియాలో ఉండే ఇద్దరు వ్యక్తుల మధ్య మామూలు రైఫిల్ అమ్మకానికి డీలర్ దగ్గరికి వెళ్లాలని ఆ రాష్ట్రం అడగదు. పిస్టల్ అయితే అడుగుతుంది. ఆయన తన జీవితమంతా ఇరుగుపొరుగు వాళ్లకు అలాగే అమ్మి ఉంటాడు, తప్పేమీ లేదు. మీరు ఎడిసన్ నుంచి వస్తున్నారన్న ముక్కతో ఆ వెసులుబాటు ఆగిపోతుంది. ఆ రైఫిల్ మీద మనసు పడితే ఆయనతో కలిసి ఏదైనా డీలర్ షాపుకు వెళ్లండి, లేదా న్యూజెర్సీలోని డీలర్‌కి ఆయన చేత పంపించుకోండి. డీలర్ కొంత ఫీజు తీసుకుంటాడు, ఆ మాత్రం ఖర్చు పెట్టుకోవాలి.

ఇక మీ తాతగారి విషయం. మన దగ్గర లైసెన్స్ ఉండేది తుపాకీ పెట్టుకునేవాడికి. కలెక్టరో పోలీస్ కమిషనరో ఇవ్వాలి, దాని మీద అది ఏ ప్రాంతానికి చెల్లుతుందో రాసి ఉంటుంది, ఎన్నికలొస్తే స్టేషన్లో జమ చేసి రసీదు తెచ్చుకోవాలి. ఆ అనుభవంతో చూస్తే అమెరికా పద్ధతి తలకిందులుగా కనిపిస్తుంది. ఇక్కడ ఫెడరల్ లైసెన్స్ అమ్మేవాడికి ఉంటుంది, కొనేవాడికి ఉండదు. కొనేవాడి మీద ప్రభుత్వం కన్ను పడేది ఆ లైసెన్స్ ఉన్న కౌంటర్ దగ్గరే. అందుకే రాష్ట్రం దాటే తుపాకీ ఏదైనా ఆ కౌంటర్ మీదుగా వెళ్లాలని అంత పట్టుదల. ఇది అర్థమైతే మిగతా నిబంధనలు సగం వాటంతటవే అర్థమవుతాయి.

ఈ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఒక పోస్టాఫీసు డబ్బా నుంచి. 1963లో లీ హార్వీ ఆస్వాల్డ్ పత్రికలో ప్రకటన చూసి, దొంగపేరుతో కూపన్ నింపి, చికాగోలోని షాపు నుంచి డల్లాస్‌లోని తన పోస్ట్ బాక్సుకి ఒక ఇటాలియన్ సైనిక రైఫిల్ తెప్పించుకున్నాడు. పోస్టేజితో కలిపి 21 డాలర్ల 45 సెంట్లు. ఆ నవంబరులో అదే రైఫిల్‌తో అధ్యక్షుడు కెనెడీని కాల్చాడు. చట్టం రావడానికి మరో ఐదేళ్లు పట్టింది. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్, జూన్‌లో రాబర్ట్ కెనెడీ హత్యలు జరిగాక, అక్టోబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం పెట్టాడు. పోస్టులో తుపాకీ ఇంటికి రావడం దాంతో ఆగింది. ఇవాళ ఆన్‌లైన్లో ఆర్డర్ చేసినా వేరే రాష్ట్రం నుంచి రైఫిల్ మీ గుమ్మం ముందుకు రాదు, మీ ఊళ్లో డీలర్ దగ్గరికే వస్తుంది.

ఆ 1968 చట్టంలో రైఫిల్ కొనాలంటే సరిహద్దు ఆనుకుని ఉన్న పక్క రాష్ట్రంలోనే, అదీ మీ రాష్ట్రం ఒప్పుకుంటేనే. 1986లో దాన్ని సడలించారు. ఇప్పుడు పక్క రాష్ట్రమే కానక్కర్లేదు, ఏ రాష్ట్రంలోనైనా కొనవచ్చు. అయితే లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర, మనిషి స్వయంగా వెళ్లి కొనాలి. ఆ అమ్మకం రెండు రాష్ట్రాల చట్టాలకూ సరిపోవాలి. పాతకాలం షాపుల్లో ఇప్పటికీ "పక్క రాష్ట్రం వాళ్లకే అమ్ముతాం" అనేవాళ్లు తగులుతారు, వాళ్లు ఆ పాత రూలు పట్టుకుని వేలాడుతున్నారన్నమాట. ఈ సడలింపు రైఫిళ్లకూ షాట్‌గన్లకూ మాత్రమే. పిస్టల్ వేరే రాష్ట్రంలో కొని వెంట తెచ్చుకోవడం ఇప్పటికీ కుదరదు. అలాగే రైఫిల్‌గా బిగించని ఉత్త రిసీవర్, అంటే తుపాకీలో సీరియల్ నంబరు ఉండే అసలు ముక్క, అది కూడా వేరే రాష్ట్రం వాళ్లకు అమ్మరు. చట్టం దృష్టిలో అది ఇంకా రైఫిల్ కాలేదు. విడిభాగాలు తెచ్చి ఇంట్లో బిగించుకుందామనుకునే మన ఇంజినీర్లు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

రెండు రాష్ట్రాల చట్టాలూ అన్నాను కదా, మీ చిక్కంతా అందులో ఉంది. న్యూజెర్సీవాళ్లు రైఫిల్ కానీ షాట్‌గన్ కానీ తీసుకోవాలంటే ఫైర్ఆర్మ్స్ పర్చేజర్ ఐడెంటిఫికేషన్ కార్డ్ ఉండాలి. మీకు ఎవరో చెప్పిన 'ఏదో కార్డు' ఇదే. పెన్సిల్వేనియాకు వెళ్తే కార్డు గొడవ ఉండదు కదా అని మీ ఆలోచన. ఉంటుంది. మీరు న్యూజెర్సీ మనిషి కాబట్టి, మీరెక్కడ కొన్నా న్యూజెర్సీ చట్టం మీ వెంట వస్తుంది. పెన్సిల్వేనియా డీలర్ మీ కార్డు చూడకుండా అమ్మితే ఆయన లైసెన్సుకే ముప్పు. డీలర్లకు అన్ని రాష్ట్రాల చట్టాలూ తెలిసి ఉండాలని ఫెడరల్ నిబంధన. అందుకే కార్డు చేతిలో ఉన్నా కొందరు డీలర్లు న్యూజెర్సీ అడ్రస్ చూడగానే "మాకొద్దు సార్" అంటారు. వాళ్లను తప్పుపట్టలేం. అమ్మవచ్చు అని చట్టం చెబుతుంది కానీ అమ్మి తీరాలని చెప్పదు. బయల్దేరే ముందు ఫోన్ చేసి, న్యూజెర్సీ కార్డు ఉంది, అమ్ముతారా అని అడగండి. ఆరు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్లి లేదనిపించుకోవడం కంటే నయం.

కార్డు కోసం మీ టౌన్ పోలీసులకు అప్లై చేయాలి, ఇప్పుడంతా ఆన్‌లైనే. వేలిముద్రలు, ఇద్దరు రిఫరెన్సులు, మానసిక ఆరోగ్య రికార్డులు చూడటానికి మీ అనుమతి అడుగుతారు. 2022లో చట్టం మార్చాక శిక్షణ కోర్సు కూడా తప్పనిసరి అయింది, కార్డుకు పదేళ్ల గడువు పెట్టారు, ఫీజు 5 డాలర్ల నుంచి 50కి పెరిగింది. 30 రోజుల్లో ఇవ్వాలని చట్టంలో ఉంది. ఊరిని బట్టి అంతకంటే ఎక్కువే పడుతుందని కూడా అనుకోండి. రిఫరెన్స్ ఇచ్చేవాళ్లకు ముందే చెప్పి ఉంచండి, పోలీసుల నుంచి మెయిల్ వస్తే స్పామ్ అనుకుని తీసేసేవాళ్లు మనలో ఎక్కువ.

గ్రీన్ కార్డ్ విషయంలో మీకు అడ్డు లేదు. శాశ్వత నివాసులకు ఫెడరల్ చట్టం కొనే హక్కును తీసేయలేదు. ఫారంలో పౌరసత్వం ఇండియా అని రాసి, కార్డు మీది నంబరు వెయ్యాలి. పేరు మాత్రం గ్రీన్ కార్డ్ మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. ఇంటిపేరు ముందో వెనకో, మధ్యలో ఖాళీ ఉందో లేదో అన్నంత చిన్న తేడాలకే మన పేర్లు చెక్‌లో ఇరుక్కుంటాయి. డ్రైవింగ్ లైసెన్స్ అడ్రస్ కూడా సరిచూసుకోండి. నేను ఇల్లు మారిన కొత్తలో ఒక షాపుకు వెళ్లి, రైఫిల్ ఎంచుకుని, బేరం కూడా అయ్యాక, లైసెన్స్ మీద పాత అపార్ట్‌మెంట్ అడ్రస్ ఉందని వట్టి చేతులతో తిరిగొచ్చాను. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు నన్ను జాలిగా చూశాడు. కొత్త అడ్రస్ ఉన్న వెహికిల్ రిజిస్ట్రేషన్ లాంటి ప్రభుత్వ కాగితం జోడిస్తే సరిపోయేదని తర్వాత తెలిసింది.

ఇదే సందర్భంలో ప్రాజెక్టుల మీద ఊళ్లు తిరిగే మిత్రులకు ఒక మాట. మీరు ఏ రాష్ట్రం మనిషి అన్నది ఇల్లు ఎక్కడ కొన్నారన్న దాన్ని బట్టి ఉండదు, ఎక్కడ కాపురం ఉంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. టెక్సస్‌లో అద్దెకిచ్చిన ఇల్లు ఉన్నంత మాత్రాన న్యూజెర్సీలో ఉండే మనిషి టెక్సస్ నివాసి అయిపోడు. నిజంగానే రెండు చోట్లా ఇళ్లు ఉండి, ఏడాదిలో కొన్ని నెలలు ఇక్కడ, కొన్ని నెలలు అక్కడ ఉండేవాళ్లు మాత్రం ఏ ఇంట్లో ఉన్నప్పుడు ఆ రాష్ట్రం వాళ్లే.

మీ బావమరిది సంగతి మీరు అడగలేదు కానీ నాకు మీకంటే అతని గురించే ఎక్కువ బెంగగా ఉంది. హెచ్‌1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కానీ తూటాలు కానీ దగ్గర పెట్టుకోకూడదన్నది ఫెడరల్ నియమం. దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం. అతను ఇప్పటిదాకా సక్రమంగా ఉన్నాడంటే ఆ కాగితం వల్లే. ఆ కాగితానికి గడువు ఉంటుంది. పెన్సిల్వేనియా లైసెన్స్ జూలై 1న మొదలై మరుసటి ఏడాది జూన్ 30తో అయిపోతుంది. వేట సీజన్ డిసెంబరులోనే ముగుస్తుంది కదా, మళ్లీ శరదృతువు వచ్చాక తీసుకుందాంలే అని వదిలేస్తే, జూలై మొదటి రోజు నుంచి అతని అల్మారాలో ఉన్న రైఫిల్ అతని దగ్గర ఉండకూడని వస్తువు అవుతుంది. ఆ నేరానికి 2022 నుంచి 15 ఏళ్ల వరకూ శిక్ష. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోమనండి. హెచ్‌4 అనే డిపెండెంట్ వీసా మీద ఉన్న భార్యకు అదే ఇంట్లో ఆ అల్మారా తాళం అందుబాటులో ఉంటే ఆమె పరిస్థితి ఏమిటన్నది కూడా ఆలోచించాలి. తాళం చెవి అతని దగ్గరే ఉంచుకోవడం మంచిది.

పైగా మీ ఇద్దరికీ జైలు ఒక్కటే కాదు భయం. తుపాకీ చట్టం ఉల్లంఘించి శిక్ష పడటం దేశం నుంచి పంపేయడానికి విడిగా ఒక కారణమని ఇమిగ్రేషన్ చట్టంలో రాసి ఉంది. అది గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. అబ్రామ్‌స్కీ ప్రొబేషన్‌తో బయటపడ్డాడు, తన ఇంట్లోనే ఉన్నాడు. అదే తీర్పు మీ మీద వస్తే కథ అక్కడితో ఆగదు. గంజాయి విషయం కూడా ఇలాంటిదే. న్యూజెర్సీలో షాపులోనే అమ్ముతున్నారు, కానీ రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్‌గా కుదరదని 4473 ఫారం మీదే హెచ్చరిక ఉంటుంది. మీకు ఆ అలవాటు ఉందని కాదు, ఇది చదివే కుర్రాళ్ల కోసం చెబుతున్నాను.

సరే, ఇప్పుడు ఏం చేయాలి? నన్నడిగితే ఈ ఏడాది రైఫిల్ కొనకండి. అరువు తీసుకోండి. వేటలాంటి చట్టబద్ధమైన పని కోసం తాత్కాలికంగా తుపాకీ అరువివ్వడం రాష్ట్రాల గీత దాటినా ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది. పెన్సిల్వేనియాలో దిగి, బావమరిది దగ్గర ఇంకో రైఫిల్ ఉంటే అది తీసుకుని, లేదంటే ఆ పక్కింటి పెద్దాయనది అడిగి తీసుకుని, వేటాడి, ఎవరిది వాళ్లకు ఇచ్చేసి ఎడిసన్ రండి. దాన్ని కారులో ఇంటికి మాత్రం తేకండి. మీకు కావాల్సిందల్లా పెన్సిల్వేనియా నాన్‌రెసిడెంట్ హంటింగ్ లైసెన్స్. మొదటిసారి తీసుకునేవాళ్లు ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చెయ్యాలి. ఇది ఇప్పుడే మొదలుపెట్టండి. జింకల రైఫిల్ సీజన్ ఒకప్పుడు థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం మొదలయ్యేది, 2019 నుంచి శనివారమే మొదలవుతోంది. అంటే పండగ భోజనం అరిగేలోపే.

అరువు తీసుకోమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. మీరు కొనుక్కున్న రైఫిల్‌తో న్యూజెర్సీలో జింకను వేటాడలేరు. ఇక్కడ జింకల వేటంతా షాట్‌గన్, గొట్టం మూతి నుంచి మందు కూరే మజిల్‌లోడర్, విల్లుతోనే. ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్న రాష్ట్రం, రైఫిల్ తూటా చాలా దూరం పోతుంది. పెన్సిల్వేనియాలో జింకకు రైఫిల్ పనికొస్తుంది, అయితే సెమీ ఆటోమేటిక్ కుదరదు, ప్రతిసారీ చేత్తో లోడ్ చేసే బోల్ట్ యాక్షన్ లాంటివే వాడాలి. ఒకసారి వెళ్లి, ఆ చలిలో తెల్లవారుజామున నాలుగు గంటలు చెట్టు కింద కదలకుండా కూర్చోవడం మీ ఒంటికి పడుతుందో లేదో చూసుకోండి. నాతో వచ్చిన ఇద్దరు స్నేహితులు రెండో ఏడాది ఫోన్ కూడా ఎత్తలేదు.

అప్పటికీ కొనాలనిపిస్తే, ఈలోగా కార్డు వచ్చేసి ఉంటుంది. బోల్ట్ యాక్షనే కొనండి. సెమీ ఆటోమేటిక్ జోలికి వెళ్తే న్యూజెర్సీలో 1990 నుంచి ఉన్న నిషేధం ఏ మోడల్‌కి వర్తిస్తుందో చూసుకోవాలి, 2018 నుంచి మేగజైన్‌లో, అంటే తూటాలు నింపే డబ్బాలో, 10 తూటాలకు మించకూడదన్న లెక్క కూడా ఉంది. పెన్సిల్వేనియా షాపులో షెల్ఫ్ మీద కనిపించేదంతా మీరు తెచ్చుకోగలిగేది కాదు. తెచ్చేటప్పుడు తూటాలు తీసేసి, కేసులో పెట్టి తాళం వేసి, డిక్కీలో పెట్టండి. తూటాలు విడిగా ఉంచండి. పెన్సిల్వేనియాలో ఇచ్చిన ఏ పర్మిట్టూ సరిహద్దులోని డెలావేర్ నది ఇవతల చెల్లదు. 2013లో ఫిలడెల్ఫియాకు చెందిన షనీన్ అలెన్ అనే ఆమె, తన రాష్ట్రంలో పర్మిట్ ఉన్న పిస్టల్‌తో న్యూజెర్సీలోకి వచ్చి, పోలీసులు కారు ఆపగానే పిస్టల్ ఉందని తనే చెప్పింది. అరెస్టు చేశారు. గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష ఇచ్చేసరికి 2015 వచ్చింది.

వేరే రాష్ట్రాల పాఠకులు ఇదంతా తమకూ ఇలాగే ఉంటుందనుకోవద్దు. టెక్సస్‌లో ఉండేవాళ్లకు రైఫిల్ కొనడానికి రాష్ట్రం నుంచి కార్డేమీ అక్కర్లేదు, ఓక్లహోమా షాపులో కొని వచ్చేయగలరు. కాలిఫోర్నియావాళ్లు బయట కొన్నా అది కాలిఫోర్నియా డీలర్ దగ్గరికే రావాలి, పది రోజులు ఆగాలి. ఇల్లినాయ్‌వాళ్లకు ఫాయిడ్ అనే తుపాకీ యజమాని గుర్తింపు కార్డు ఉండాలి. ఫ్లోరిడాలో 2018 నుంచి రైఫిల్‌కి కూడా 21 ఏళ్లు నిండాలి, ఫెడరల్ చట్టంలో 18 చాలు.

ఇండియా ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు ఇంకొకటి. వేటకు వాడిన బ్యాగుని ఊరికి తీసుకెళ్లకండి. జేబులో మిగిలిపోయిన ఒక్క తూటా హైదరాబాద్ ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనబడితే ఆర్మ్స్ యాక్ట్ కింద కేసు. అమెరికాలో కొన్న రసీదు అక్కడ పనికిరాదు.

మీ ఆవిడ టెన్షన్‌ని కొట్టిపారేయకండి. ఇంట్లో పిల్లలు ఉంటే, కొన్నాక మొదటి ఖర్చు రైఫిల్ మీద పెట్టే టెలిస్కోప్ కాదు, గోడకు బిగించే సేఫ్. పిల్లల చేతికి అందేలా తుపాకీ వదిలేయడం న్యూజెర్సీలో నేరం. కోర్సుకు ఆమెనూ తీసుకెళ్లండి. ఆమె కూడా అదే గదిలో కూర్చుని విన్నాక, రైఫిల్ కొనాలా వద్దా అన్నది ఇద్దరూ కలిసి మాట్లాడుకోవచ్చు.

బావమరిదికి కొనిపెట్టాలని అంత సరదాగా ఉంటే వద్దనకండి. పెన్సిల్వేనియాలో రైఫిల్ సీజన్‌లో వేటకు వెళ్లేవాళ్లు తల, ఛాతీ, వీపు మీద కలిపి కనీసం 250 చదరపు అంగుళాల మెరిసే ఆరెంజ్ రంగు వేసుకోవాలి. ఆ టోపీ, ఆ జాకెట్ అతని చేత కొనిపించుకోండి. వాటికి ఏ ఫారమూ లేదు.